ముందు కప్పు, తర్వాత షాండ్లియర్



దీపావళికి ఇంకా రెండు నెలలు ఉంది. చాలా ఇళ్లలో రంగులు వేయించే పని మొదలైంది. ఈ మధ్య రంగుల మాటతో పాటు ఇంకొక మాట కూడా తరచుగా వినబడుతోంది. "ఈసారి హాల్లో క్రిస్టల్ షాండ్లియర్ పెట్టిద్దామా?" గుడి మెట్ల మీద విన్నాను, పాఠశాలలో తోటి టీచర్ల నోట విన్నాను, మా చెల్లెలి ఇంట్లో అయితే మూడు వారాల పాటు ఇదే చర్చ. కాబట్టి ఈ సంచికలో ఆ విషయమే రాస్తున్నాను.

నేను విద్యుత్ పని చేసే మనిషిని కాను. పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పే పంతులమ్మను. కానీ షాండ్లియర్ కొనడంలో లెక్కలూ ఉన్నాయి, సైన్సూ ఉంది. అందుకే కొంచెం చదివి, కొంచెం అడిగి, కొంచెం కళ్లారా చూసి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

షాండ్లియర్ అనే మాట ఫ్రెంచి వారి "శాందెల్" నుంచి వచ్చింది. శాందెల్ అంటే కొవ్వొత్తి. పూర్వం ఆ కొమ్మల మీద కొవ్వొత్తులే వెలిగించేవారు. ఇక్కడ మన మారిషస్‌లో ఫ్రెంచి మాట్లాడేటప్పుడు దానినే "ల్యూస్త్ర్" అంటాం. పేరు ఏదైనా వస్తువు ఒకటే: కప్పు నుంచి వేలాడే దీపాల గుత్తి, దాని చుట్టూ గాజు పూసలు, గాజు చుక్కలు.

దుకాణంలోకి వెళ్లగానే మన కళ్లు గాజు వైపు పోతాయి. అది సహజం. కానీ నేను చెప్పదలచింది ఒక్కటే మాట. గాజును తర్వాత చూడండి, ముందు మీ ఇంటి కప్పును చూడండి.

మన కప్పులు ఎలా వచ్చాయి

మన ముత్తాతలు చెరకు తోటల్లో పనికి వచ్చినప్పుడు కాంపుల్లో ఉన్నారు. గడ్డి కప్పిన గుడిసెలు, ఒక కిరసనాయిలు దీపం. గడ్డి కప్పుకు ఎవరూ బరువు వేలాడదీయరు. తర్వాత కర్ర ఇళ్లు, రేకు కప్పులు వచ్చాయి. 1960లో ముందు అలిక్స్, ఆ వెనుకనే ఫిబ్రవరి నెలాఖరులో కారల్ తుఫాను వచ్చాయి. కారల్ తుఫానులో వేల ఇళ్లు పోయాయి. ఆ రాత్రి సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ దెబ్బ తర్వాతే ఈ దేశంలో సిమెంటు ఇళ్లు, కాంక్రీటు కప్పులు ఎక్కువయ్యాయి. ఆ కప్పునే మనం "దాల్" అంటాం. (పప్పు కాదు సుమా! ఫ్రెంచి మాట.)

దాల్ పోసే రోజు మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారకముందే బంధువులు, ఇరుగు పొరుగు వచ్చేవారు. కంకర, ఇసుక, సిమెంటు కలిపి, బాల్చీలు చేతి నుంచి చేతికి అందించి పైకి పంపేవారు. ఆడవాళ్లు పెద్ద గుండిగల్లో వంట చేసేవారు. సాయంత్రానికి కప్పు పూర్తయ్యేది. కూలి ఎవరూ అడిగేవారు కాదు. వచ్చే నెల వారి ఇంటికి మనం వెళ్లేవాళ్లం.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, మీరు షాండ్లియర్ వేలాడదీసేది ఆ కప్పుకే. దానిని ఎవరు కలిపారు, ఎంత సిమెంటు వేశారు, ఎన్ని చువ్వలు కట్టారు అనేది చాలా ఇళ్లలో కాగితం మీద లేదు. కప్పు గట్టిదే కావచ్చు. కానీ దానికి ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. పరీక్షించకుండా నమ్మడం మంచిది కాదు.

గదికి తగిన కొలత

మనలో చాలా మంది యాత్రకని భారతదేశం వెళ్తారు. తిరుపతి చూసి, హైదరాబాదు కూడా చూసి వస్తారు. అక్కడ చౌమహల్లా భవనంలో ఖిల్వత్ దర్బారు ఉంది. అందులో 19 బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు వేలాడుతూ ఉంటాయి. చూసిన వారు మరచిపోలేరు. కానీ అది నిజాం దర్బారు, ఆ కప్పు ఎత్తు వేరు. మన ఇళ్లలో నేల నుంచి కప్పుకు రెండుమ్ముప్పావు మీటర్లు ఉంటే గొప్ప. అక్కడ చూసిన కళ్లతో ఇక్కడ కొనకూడదు.

కొలతకు ఒక తేలిక లెక్క ఉంది. గది పొడవు, వెడల్పు మీటర్లలో కొలవండి. రెండూ కూడండి. వచ్చినదానిని 8తో గుణించండి. షాండ్లియర్ వెడల్పు సుమారు అన్ని సెంటీమీటర్లు ఉంటే గదికి నప్పుతుంది. మీ హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకోండి. 5 + 4 = 9. 9 × 8 = 72. అంటే 70 సెంటీమీటర్ల చుట్టుపక్కల.

తర్వాత ఎత్తు. మనుషులు నడిచే చోట నేల నుంచి షాండ్లియర్ అడుగు భాగానికి కనీసం 2.1 మీటర్లు ఖాళీ ఉండాలి. కప్పు 2.75 మీటర్లు అయితే మీకు మిగిలేది 65 సెంటీమీటర్లే. ఆ 65లోనే కొక్కెం, గొలుసు, షాండ్లియర్ అన్నీ పట్టాలి. దుకాణంలో మెరిసే పొడుగాటి షాండ్లియర్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. పెళ్లికొడుకు తలపాగాకు తగిలే షాండ్లియర్ ఎవరికి కావాలి?

దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కప్పుకు దగ్గరగా అతుక్కుని ఉండే పొట్టి రకం తీసుకోవడం. రెండు, భోజనాల బల్ల మీద వేలాడదీయడం. బల్ల కింద ఎవరూ నడవరు కనుక అక్కడ కిందికి దించవచ్చు. బల్ల పై నుంచి షాండ్లియర్ అడుగుకు 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటే ఎదుటివారి ముఖం కనబడుతుంది, వెలుగు కళ్లలో పొడవదు. వెడల్పు మాత్రం బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే ఉండాలి. మేడ మెట్ల దగ్గర ఎత్తైన ఖాళీ ఉన్న ఇళ్లలో అక్కడ కూడా అందంగా ఉంటుంది. కానీ శుభ్రం చేయడానికి నిచ్చెన ఎక్కడ వేస్తారో ముందే ఆలోచించండి.

పూజ గదిలో మాత్రం వద్దు. రామభజనలో మనం దీపాన్ని నడుమ నిలిపి చుట్టూ తిరుగుతాం. మన దీపం నేల మీద ఉండేది, నూనెతో వెలిగేది. ఆ నూనె పొగ, అగరవత్తుల పొగ, కర్పూరం మసి పైకి పోయి గాజు మీద జిడ్డుగా పేరుకుంటాయి. రెండు నెలల్లో క్రిస్టల్ మసకబారుతుంది. దేవుడి దగ్గర మన పాత దీపమే అందం.

ఏది క్రిస్టల్, ఏది మామూలు గాజు

1674లో ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన గాజులో సీసం కలిపి చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సీసం కలిసిన గాజు వెలుగును ఎక్కువగా వంచుతుంది. కోతలు పెట్టి మెరుగు పెడితే ఇంద్రధనుస్సు రంగులు చిందిస్తుంది. దానినే లెడ్ క్రిస్టల్ అంటారు. యూరపు నియమాల ప్రకారం కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉంటేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. 30 శాతం, ఆ పైన ఉంటే అన్నిటికన్నా పై తరగతి. ఇప్పుడు సీసం లేకుండా కూడా మంచి క్రిస్టల్ చేస్తున్నారు. స్వరోవ్‌స్కీ వారు 2012 నుంచి సీసం లేని రకానికి మారారు.

దుకాణంలో "క్రిస్టల్" అనే చీటీ మీద మూడు రకాల సరుకు దొరుకుతుంది: కోసి మెరుగు పెట్టిన క్రిస్టల్, అచ్చులో పోసిన మామూలు గాజు, ఇంకా అక్రిలిక్ అనే ప్లాస్టిక్. తేడా తెలుసుకోవడం కష్టం కాదు.

ఒక చుక్కను చేతిలోకి తీసుకోండి. చల్లగా, బరువుగా ఉంటే గాజు. తేలికగా, చేతికి వెచ్చగా తోస్తే ప్లాస్టిక్. ప్లాస్టిక్ చవకే కానీ గీతలు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగు తిరగవచ్చు. గాజు అయితే అంచుల మీద వేలు మెల్లగా నడపండి. కోత పెట్టిన దానికి అంచులు పదునుగా, పలకలు సమంగా ఉంటాయి. అచ్చు గాజుకు అంచులు మొద్దుగా ఉంటాయి, పక్కన అతుకు గీత కనబడుతుంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఎండకు పట్టండి. గోడ మీద రంగులు స్పష్టంగా పడితే మంచి సరుకు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సీసం ఎక్కువైతే మెరుపుతో పాటు బరువూ పెరుగుతుంది. అదే కొలత ఉన్న అచ్చు గాజు షాండ్లియర్ కంటే లెడ్ క్రిస్టల్ షాండ్లియర్ బరువు ఎక్కువ. కాబట్టి ధర అడిగే ముందు బరువు అడగండి. బరువు చెప్పలేని దుకాణంలో కొనకండి. తక్కువ చుక్కలు, మంచి చుక్కలు అనేది నా సలహా. వందల పూసలున్న నాసి రకం కన్నా, నలభై మంచి చుక్కలున్న చిన్నది కంటికి హాయి, కప్పుకూ హాయి.

ఇంకొక సంగతి. చుక్కలను ఒకదానితో ఒకటి కలిపే చిన్న పిన్నులను చూడండి. వాటిని ఎవరూ చూడరు. మన దీవి చుట్టూ సముద్రమే. ఉప్పుగాలికి మామూలు ఇనుప పిన్నులు తుప్పు పట్టి తెగిపోతాయి, చుక్క కింద పడుతుంది. ఇత్తడి పిన్నులు గానీ స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు గానీ ఉన్నాయేమో అడగండి. విడిగా పది చుక్కలు, కొన్ని పిన్నులు ఎక్కువగా ఇమ్మనండి. రెండేళ్ల తర్వాత ఒకటి పగిలితే అదే రకం మళ్లీ దొరకదు.

బయటి దేశం నుంచి తెప్పించుకునేవారు కరెంటు సంగతి చూసుకోవాలి. మనది 230 వోల్టులు. ఇండియాలో కూడా 230 వోల్టులే కనుక ఫిరోజాబాదు గాజు పనివారి షాండ్లియర్లు ఇక్కడ నడుస్తాయి. అమెరికా సరుకు 120 వోల్టులకు చేసినది, బల్బు పట్టే హోల్డర్ల కొలతలు కూడా వేరు. అక్కడున్న బంధువులు ప్రేమగా పంపుతామన్నా, ప్రేమగానే వద్దనండి.

చెల్లెలి ఇంటి కప్పు

ఇప్పుడు మా చెల్లెలి సంగతి చెబుతాను. అమ్మా నాన్నల ఇల్లు దక్షిణాన సూయాక్‌లో, సముద్రానికి దగ్గర. ఇప్పుడు అందులో చెల్లెలు, మరిది, పిల్లలు ఉంటున్నారు. ఆ ఇంటి దాల్ 1982లో పోశారు. నేను అప్పుడు చిన్న బాల్చీలు అందించాను.

కొడుకు పెళ్లి కుదిరింది. చెల్లెలు ఎనిమిది కొమ్మల లెడ్ క్రిస్టల్ షాండ్లియర్ చూసి వచ్చింది. బరువు 22 కిలోలు. "ఏ కప్పుకైనా సరిపోతుంది, మా కుర్రాడు వచ్చి గంటలో బిగిస్తాడు" అని దుకాణంలో చెప్పారట. డబ్బు ఇంకా కట్టలేదు. నేను ఒక్కటే అడిగాను. "మేస్త్రీ గారిని ఒకసారి పిలుద్దాం."

వచ్చిన మేస్త్రీ పెద్దాయన. ఆయన షాండ్లియర్ బొమ్మ చూడనే లేదు. ముందు మేడ మీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న పగుళ్లు చూశారు. కిందికి వచ్చి హాలు మధ్య దీపం పాయింటు దగ్గర గోధుమ రంగు మరకను చూపించారు. ఇరవై ఏళ్లుగా దానిని మేము రంగు వేసి దాచేస్తూ వచ్చిన మాట నిజం. నిచ్చెన ఎక్కి చిన్న సుత్తితో కప్పును తట్టుతూ వచ్చారు. గోడ దగ్గర "టంగ్ టంగ్" అని గట్టిగా పలికింది. మరక దగ్గరకు రాగానే "డబ్ డబ్" అంది. ఆ చోట ఇంకొంచెం గట్టిగా కొట్టేసరికి పళ్లెమంత పెచ్చు ఊడి పడింది. లోపల చువ్వ ఎర్రగా తుప్పు పట్టి, ఉబ్బి కనిపించింది.

సైన్సు పాఠంలో చెప్పే విషయమే ఇది. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి కాంక్రీటును తోసేస్తుంది. సముద్రపు ఉప్పు, పై నుంచి దిగే వాన నీరు కలిస్తే ఆ పని త్వరగా జరుగుతుంది. అలాంటి చోట కొక్కెం బిగిస్తే అది చువ్వను పట్టుకోదు, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పెచ్చును పట్టుకుంటుంది. దాని కింద పెళ్లి చుట్టాలు కూర్చుంటారు.

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్న పోయించిన కప్పు అక్కా. ఇంత బలహీనమైందా?"

మేస్త్రీ గారే జవాబు చెప్పారు. "కప్పు మంచిదే తల్లీ. నలభై ఏళ్లు ఎన్నో తుఫానులను కాచింది. వయసైన మనిషి నెత్తిన బస్తా పెట్టం కదా. ముందు వైద్యం చేయించండి."

వైద్యం చేయించారు. ఊగే కాంక్రీటు అంతా తీసేసి, చువ్వల తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూత పూసి, మరమ్మతు సిమెంటుతో నింపారు. మేడ మీద నీరు దిగకుండా పొర వేశారు. షాండ్లియర్ కోసం దాచిన డబ్బులో పెద్ద భాగం అక్కడికే పోయింది. మిగిలిన దానితో 9 కిలోల అయిదు కొమ్మలది కొన్నారు. హాలు నడుమ కాకుండా, కప్పు గట్టిగా పలికిన చోట, భోజనాల బల్ల మీద పెట్టారు. పెళ్లికి వచ్చినవారు షాండ్లియర్‌ను మెచ్చుకున్నారు. మరమ్మతు చేసిన కప్పును ఎవరూ చూడలేదు. చూడకపోవడమే దాని గొప్ప.

మీ ఇంట్లో కూడా మరకలు, సన్నని పగుళ్లు, ఉబ్బిన రంగు, "డబ్ డబ్" చప్పుడు ఉంటే షాండ్లియర్ మాట పక్కన పెట్టి ముందు మేస్త్రీని పిలవండి. షాండ్లియర్ పెట్టకపోయినా ఆ పని చేయించాల్సిందే.

కొక్కెం ఎలా ఉండాలి

దీపాల తయారీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది. వేలాడే దీపాన్ని పట్టే భాగానికి, దాని బరువుకు నాలుగు రెట్ల బరువు ఒక గంట సేపు వేలాడదీస్తారు. మన కొక్కేనికీ అదే లెక్క పెట్టుకుందాం. 18 కిలోల షాండ్లియర్ అంటే 72 కిలోలు. ఒక పెద్ద మనిషి ఆ కొక్కెం పట్టుకుని గంట సేపు వేలాడినా కదలకూడదు అన్నమాట.

గోడకు పటాలు తగిలించడానికి వాడే ప్లాస్టిక్ ప్లగ్గులు కప్పుకు పనికిరావు. కాంక్రీటులో విచ్చుకుని పట్టుకునే లోహపు యాంకరు గానీ, రెసిన్ జిగురుతో నిలిపే యాంకరు గానీ కావాలి. సముద్రపు ఒడ్డున ఉన్నవారు స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. రంధ్రం ఎంత లోతు ఉండాలో యాంకరు పెట్టె మీద రాసి ఉంటుంది. అంతకు మించి పోతే పైన వేసిన నీటి పొర చిల్లు పడి, తర్వాతి వానకు షాండ్లియర్ మీదే నీరు కారుతుంది.

దీపం పాయింటు పక్కనే కాంక్రీటులో తీగల గొట్టం ఉంటుంది. ఆ గొట్టం ఏ వైపు పోతోందో పరికరంతో చూసుకున్నాకే డ్రిల్ పెట్టాలి. కొన్ని ఇళ్లలో కప్పు అంతా ఒకే కాంక్రీటు కాదు. బీములు, వాటి నడుమ బోలు దిమ్మలు ఉంటాయి. బోలు దిమ్మకు బరువు పెట్టకూడదు, బీముకే పెట్టాలి. కింద జిప్సం బోర్డు కప్పు వేసుకున్నవారు, ఆ బోర్డు ఒక అలంకారం మాత్రమే అని గుర్తుంచుకోండి. కొక్కెం దానిని దాటి అసలు కప్పులోకి పోవాలి.

తీగలు, బల్బులు

లోహపు ఒళ్లున్న షాండ్లియర్‌కు ఎర్త్ తీగ తప్పనిసరి. పాత ఇళ్లలో దీపం పాయింటు దగ్గర రెండే తీగలు ఉంటాయి, ఎర్త్ ఉండదు. బల్బు ఒక్కటే ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. కానీ లోపల ఒక తీగ తొడుగు చిట్లి లోహానికి తగిలితే, తుడవడానికి చేయి పెట్టినవారికి షాకు కొడుతుంది. అందుకని ఎర్త్ లాగించకుండా బిగించవద్దు. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపుల లీకేజీ బ్రేకరు ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఈ పని చదువుకున్న ఎలక్ట్రీషియన్ చేయాలి. "మా బావమరిదికి కొంచెం తెలుసు" అనేది ఇక్కడ చాలదు. పని చేసేటప్పుడు స్విచ్చి ఆపితే సరిపోదు, మెయిన్ బోర్డు దగ్గరే ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే తీగ ముట్టాలి.

బల్బులు ఎల్‌ఈడీవే తీసుకోండి. పాత రకం 40 వాట్ల బల్బులు ఎనిమిది పెడితే 320 వాట్లు, గది కూడా వేడెక్కుతుంది. అదే వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర వాట్లు, ఎనిమిదికి 36 వాట్లు. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉంటే కొవ్వొత్తి లాంటి వెచ్చని వెలుగు. పాల రంగు బల్బులు వద్దు. లోపలి తంతువు కనబడే తేట బల్బులు పెడితేనే క్రిస్టల్ మెరుస్తుంది, ఎందుకంటే వెలుగు చిన్న చుక్క నుంచి వస్తేనే కోతల మీద తళుకు పుడుతుంది. వెలుగు తగ్గించే డిమ్మరు కావాలంటే, బల్బు, డిమ్మరు రెండూ ఎల్‌ఈడీకి సరిపోయేవై ఉండాలి. లేకపోతే బల్బులు మిణుకుమిణుకుమంటాయి. బయనెట్ హోల్డరా, మర హోల్డరా అనేది కొనేటప్పుడే చూసుకోండి.

బిగించే రోజు, ఆ తర్వాత

పెట్టె విప్పే ముందు నేల మీద దుప్పటి పరచండి. చుక్కలు లెక్కపెట్టి కాగితంతో సరిచూసుకోండి. నూలు చేతితొడుగులు వేసుకోండి, వేలిముద్రలు పడవు. ముందు లోహపు చట్రం మాత్రమే వేలాడదీసి, తీగలు కలిపి, బల్బులు వెలిగించి చూడాలి. అంతా సరిగా ఉన్నాకే చుక్కలు తగిలించాలి. పై వరుస నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఎదురెదురుగా తగిలిస్తూ పోతే ఒక పక్కకు ఒరగదు. పిల్లలకు ఈ పని చాలా ఇష్టం. కింద కూర్చుని చుక్కలు అందించే పని వారికి ఇవ్వండి.

శుభ్రం చేయడం ఏడాదికి రెండుసార్లు చాలు. మెయిన్ దగ్గర కరెంటు ఆపి, బల్బులు చల్లారనివ్వండి. ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలపండి. ఒక చేతితొడుగును అందులో తడిపి తుడవండి, రెండో చేతి పొడి తొడుగుతో వెంటనే తుడిచేయండి. షాండ్లియర్ మీదికి నేరుగా చిమ్మవద్దు, నీరు హోల్డర్లలోకి పోతుంది. ఇంకా ముఖ్యం: షాండ్లియర్‌ను తిప్పుతూ తుడవవద్దు. తిప్పితే పైన మర వదులవుతుంది. మీరే నిచ్చెన జరుపుకుంటూ చుట్టూ తిరగండి. తుడిచేటప్పుడే కొక్కెం, గొలుసు, పిన్నుల మీద తుప్పు ఉందేమో చూడండి.

తుఫాను కాలం మనకు నవంబరు నుంచి మొదలు. మొదటి తరగతి హెచ్చరిక వచ్చినప్పుడే షాండ్లియర్ ఉన్న గది కిటికీలు సరిగా పడుతున్నాయో చూసుకోండి. ఒక్క తలుపు గాలికి తెరుచుకుంటే చాలు, చుక్కలు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. పాత దుప్పటిని సంచిలా చుట్టి కింద ముడి వేస్తే, ఒకవేళ పగిలినా ముక్కలు అందులోనే ఉంటాయి. చుట్టే ముందు కరెంటు ఆపాలి, విప్పే వరకు స్విచ్చి వేయకూడదు. ఆ రాత్రి దాని కింద ఎవరూ పడుకోవద్దు.

కొనే ముందు అడగవలసిన ఆరు ప్రశ్నలు

ఇది చింపి జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి.

1. నా కప్పు తట్టి చూశానా? మరకలు, పగుళ్లు ఉన్నాయా?
2. షాండ్లియర్ బరువు ఎంత? దానికి నాలుగు రెట్లు నా కొక్కెం మోస్తుందా?
3. వేలాడాక కింద 2.1 మీటర్లు మిగులుతుందా? లేక బల్ల మీద పెడుతున్నానా?
4. దీపం పాయింటు దగ్గర ఎర్త్ తీగ ఉందా?
5. పిన్నులు, గొలుసు ఉప్పుగాలికి తట్టుకునేవేనా? అదనపు చుక్కలు ఇస్తారా?
6. దీనిని ఏడాదికి రెండుసార్లు ఎవరు తుడుస్తారు?

ఆరో ప్రశ్నకు జవాబు "అమ్మే" అయితే, ముందు అమ్మను అడగండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మొత్తం డబ్బు షాండ్లియర్ మీదే పెట్టకండి. కనీసం నాలుగో వంతు కప్పు పరీక్షకు, కొక్కేనికి, ఎర్త్ తీగకు, ఎలక్ట్రీషియన్‌కు పక్కన పెట్టండి. ఆ నాలుగో వంతు చాలకపోతే చిన్న షాండ్లియర్ తీసుకోండి. చిన్నది అయినందుకు చుట్టాలు ఎవరూ తప్పు పట్టరు.

గడ్డి కప్పు నుంచి రేకు కప్పుకు, రేకు నుంచి కాంక్రీటుకు రావడానికి మన వాళ్లకు నూరేళ్లకు పైగా పట్టింది. ఆ కప్పుకు ఒక అందమైన దీపం తగిలించుకోవాలనే కోరిక న్యాయమైనదే. దానిని మోసే కప్పు బాగోగులు చూసుకుని మరీ తగిలించుకుందాం.

ఈ దీపావళికి మీ ఇంట నేల మీద ప్రమిదలు, పైన షాండ్లియర్ రెండూ చల్లగా వెలగాలని కోరుకుంటూ, సెలవు.